స్ఫటిక నిర్మాణం – పేలుడు పదార్థాల భద్రత: ఒక విమర్శనాత్మక పరిశీలన (రాయదుర్గం పరిసరాల నేపథ్యంలో)

వ్యాస సంగ్రహం:

పేలుడు పదార్థం ఏపాటి తాకిడికి పేలుతుందన్నది దాని అణువు స్వభావంతో పాటు, ఆ అణువులు స్ఫటికంలో పేర్చుకున్న తీరు మీద కూడా ఆధారపడుతుందని గత అర్ధశతాబ్ది పరిశోధన స్థిరపరచింది. అణువుల పేర్పును ముందుగా ఊహించి రూపొందించే శాస్త్రానికి హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రపంచంలోని ప్రధాన కేంద్రాల్లో ఒకటి. ఆ విశ్వవిద్యాలయానికి పొరుగున ఉన్న రాయదుర్గం ప్రాంతంలో పేలుడు పదార్థం ప్రతినిత్యం రాతిని పగలగొట్టే పనిముట్టు. స్ఫటిక నిర్మాణం నుంచి భద్రతను నేరుగా నిర్ధారించే వాదసరళిలోని బలాన్నీ, అది దాటవేస్తున్న మెట్లనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. టీఏటీబీ, ఆర్‌డీఎక్స్, హెచ్‌ఎమ్‌ఎక్స్, పీఈటీఎన్, అమోనియం నైట్రేట్ అనే ఐదు పదార్థాలు ఇందుకు ఆధారాలు. నిర్మాణం భద్రతకు అవసరమైన ఆధారమే గాని సరిపోయే ఆధారం కాదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: స్ఫటిక ఇంజనీరింగ్, బహురూపత, సున్నితత్వం, ఉష్ణబిందువు, అమోనియం నైట్రేట్, రాయదుర్గం, మిస్‌ఫైర్.

1. ప్రవేశిక:

రాయదుర్గం నేడు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల పేరుగా వినిపిస్తున్నది. అయితే ఆ నేల స్వభావాన్ని నిర్ణయించినది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. అక్కడ బహుళ అంతస్తుల భవనానికి సెల్లారు తవ్వాలంటే రాతిని పగలగొట్టక తప్పదు. ఒకప్పుడు వడ్డెర వృత్తివారు ఉలి, సమ్మెట, మంటలతో సాధించిన పనిని నేడు డ్రిల్లు, మందు, డిటోనేటరు చేస్తున్నాయి. ఆ మందులో ప్రధాన ద్రవ్యం అమోనియం నైట్రేట్.

ఇదే పరిసరాల్లో మరొక విజ్ఞాన ప్రపంచం ఉన్నది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో స్ఫటిక ఇంజనీరింగ్ ఒక ప్రత్యేక శాస్త్రశాఖగా రూపుదిద్దుకున్నది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ సహకారంతో ఏర్పడిన ఉన్నతశక్తి పదార్థాల పరిశోధన కేంద్రం అదే ప్రాంగణంలో పనిచేసింది. 2017 ఆగస్టులో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సమాఖ్య 24వ మహాసభ హైటెక్ సిటీ పరిసరాల్లోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగింది.

కొద్ది కిలోమీటర్ల పరిధిలో ఉన్న ఈ రెండు ప్రపంచాలూ ‘భద్రత’ అనే మాటను వాడుతున్నాయి. పరిశోధనాలయంలో ఆ మాట ఒక స్ఫటికానికి చెందిన గుణం. రాతి గుంటలో అది ఒక పనివాడి ప్రాణం. మొదటి అర్థం నుంచి రెండవ అర్థానికి చేరే దారి ఎంతవరకు నిర్మితమైనదో పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. పదవిచారణ – నిర్మాణం, ఆకృతి. స్థిరత్వం, సున్నితత్వం, భద్రత:

తెలుగులో ఈ విషయాన్ని చర్చించేటప్పుడు ఎదురయ్యే మొదటి చిక్కు పదాలది. ‘స్ఫటికం’ అనే సంస్కృత పదం ‘పటిక’గా మారి, పటికబెల్లం ద్వారా ప్రతి ఇంటికీ చేరింది. పటికబెల్లం పలుకును పరిశీలిస్తే రెండు వేర్వేరు విషయాలు గ్రహించవచ్చు. చక్కెర అణువులు లోపల ఏ క్రమంలో పేర్చుకున్నాయన్నది ‘నిర్మాణం’. ఆ పలుకు పైకి ఎన్ని ముఖాలతో, ఎంత పరిమాణంతో, ఎన్ని పగుళ్లతో కనిపిస్తున్నదన్నది ‘ఆకృతి’. పటికబెల్లం పెద్ద పలుకులోనూ, సన్నని పంచదారలోనూ అణువుల పేర్పు ఒక్కటే. అయినా నీటిలో కరిగే వేగం వేరు, పళ్ల కింద నలిగే తీరు వేరు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘స్ఫటికాకృతి’ అనే ఒక్క మాట ఈ రెండింటికీ వాడుకలో ఉండటం వల్ల, ఒకదాని ఫలితాన్ని రెండవదానికి అంటగట్టే అవకాశం ఏర్పడుతున్నది.

రెండవ చిక్కు ‘స్థిరత్వం’తో వస్తుంది. ఒక పదార్థానికి రెండు మూడు స్ఫటికరూపాలు ఉన్నప్పుడు, నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద అన్నిటికన్నా తక్కువ స్వేచ్ఛాశక్తి గల రూపాన్ని ‘స్థిరమైన రూపం’ అంటారు. ఇది తోబుట్టువుల మధ్య పోలిక మాత్రమే. సీఎల్-20 అనే పదార్థానికి ఉన్న రూపాల్లో ఎప్సిలాన్ రూపం సాధారణ పరిస్థితుల్లో అత్యంత స్థిరమైనది. అయినా అది టీఏటీబీతో పోలిస్తే ఎన్నో రెట్లు సులభంగా పేలుతుంది. కాబట్టి ‘స్థిరం’ అన్న మాటను ‘ప్రమాదరహితం’ అని చదవడం పొరపాటు.

మూడవది ‘సున్నితత్వం’. తాకిడి, రాపిడి, వేడి, షాక్ తరంగం, విద్యుత్ స్ఫులింగం మొదలైన ప్రేరణల్లో ఒక్కొక్కదానికి పదార్థం ఎంత తేలికగా స్పందిస్తుందో చెప్పే కొలత ఇది. ప్రేరణ పేరు చెప్పకుండా ‘ఈ పదార్థం తక్కువ సున్నితమైనది’ అనడం అసంపూర్ణ వాక్యం. ఇక ‘భద్రత’ పదార్థంతో పాటు నిల్వ, రవాణా, వాడుక, మనిషి కలిసి ఏర్పరిచే స్థితి. ఈ మూడు మాటల మధ్య హద్దులు చెరిపినప్పుడే నిర్మాణం నుంచి భద్రతకు ఒక్క గంతు వేయడం సాధ్యమవుతున్నది.

3. స్ఫటిక ఇంజనీరింగ్ – హైదరాబాదు సంప్రదాయం:

‘స్ఫటిక ఇంజనీరింగ్’ అనే మాటను 1955లో పెపిన్స్కీ ప్రయోగించాడు. ఘనస్థితి రసాయన చర్యలను స్ఫటికంలోని అణువుల అమరికతో ముడిపెట్టి దానికి శాస్త్రీయ పునాది కల్పించినవాడు ష్మిట్. దానిని సేంద్రియ ఘనపదార్థాలన్నిటికీ వర్తించే రచనాశాస్త్రంగా విస్తరింపజేసినవారిలో గౌతమ్ దేశిరాజు అగ్రగణ్యుడు. 1979 నుంచి 2009 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన 1989లో ప్రకటించిన గ్రంథం ఈ శాఖకు ఆకరగ్రంథమైంది. 1995లో ఆయన ప్రతిపాదించిన ‘సుప్రామాలిక్యులర్ సింథాన్’ భావన, అణువుల మధ్య పునరావృతమయ్యే బంధనరీతులను గుర్తించి వాటితో స్ఫటికాన్ని ముందుగా ఊహించే మార్గం చూపింది. అదే విశ్వవిద్యాలయంలో అశ్వినీ నాంగియా బృందం ఈ దృష్టిని ఔషధ సహస్ఫటికాల వైపు మళ్లించింది.

పేలుడు పదార్థాల రంగానికి ఈ సంప్రదాయం ఇచ్చిన కానుక విలువైనది. కొత్త అణువును కనిపెట్టనవసరం లేకుండా, తెలిసిన రెండు అణువులను ఒకే స్ఫటికంలో పేర్చి కొత్త గుణాలు సాధించవచ్చన్న ఆలోచన అది. 2011లో బోల్టన్, మాట్జ్‌గర్‌లు సీఎల్-20, టీఎన్‌టీల సహస్ఫటికాన్నీ, 2012లో అదే బృందం సీఎల్-20, హెచ్‌ఎమ్‌ఎక్స్‌ల సహస్ఫటికాన్నీ ప్రకటించారు. రెండవదాని సున్నితత్వం హెచ్‌ఎమ్‌ఎక్స్‌కు దగ్గరగా ఉండి, దాని పేలుడు వేగం హెచ్‌ఎమ్‌ఎక్స్‌ను మించుతుందని అంచనా వేశారు. అణువులు మారకుండా, వాటి పేర్పు మారినంత మాత్రాన స్పందన మారిందన్నది ఇక్కడ నిరూపితమైన విషయం. నిర్మాణానికి పాత్ర లేదనే వాదానికి ఇక తావులేదు. మిగిలిన ప్రశ్న ఆ పాత్ర పరిమితికి సంబంధించినది.

4. పొరల వాదం – బలం, బలహీనత:

నిర్మాణం వల్లనే భద్రత అన్న వాదానికి ప్రతి సమీక్షావ్యాసంలోనూ మొదట కనిపించే ఉదాహరణ టీఏటీబీ. 1965లో కేడీ, లార్సన్‌లు నిర్ధారించిన దాని నిర్మాణంలో చదునైన అణువులు హైడ్రోజన్ బంధాలతో విస్తళ్లలా అల్లుకొని, గ్రాఫైటులో వలె పొర మీద పొరగా పేర్చుకొని ఉంటాయి. బయటి నుంచి తాకిడి తగిలినప్పుడు ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. తాకిడి శక్తి ఒకచోట పోగుపడకుండా చెదిరిపోతుంది. చైనాకు చెందిన ఛావోయాంగ్ జాంగ్ బృందం ఈ వివరణను గణనల ద్వారా విస్తరించి, చదునైన పొరల్లో జారుడు సులభమనీ, అలల వంటి పొరల్లో కష్టమనీ, అడ్డదిడ్డమైన పేర్పులో దాదాపు అసాధ్యమనీ చూపింది.

ఈ వివరణ సుందరమైనది. చాలావరకు సత్యమైనది కూడా. అయినా దీనిని సార్వత్రిక సూత్రంగా స్వీకరించడానికి మూడు అభ్యంతరాలున్నాయి.

మొదటిది, టీఏటీబీ అణువే స్వతహాగా నిబ్బరమైనది. అమినో, నైట్రో సమూహాల మధ్య అణువు లోపలే బలమైన హైడ్రోజన్ బంధాలున్నాయి. ఆ అణువును పొరలు లేని స్ఫటికంలో పేర్చి పోల్చి చూస్తే తప్ప, నిబ్బరంలో అణువు వాటా ఎంతో, పేర్పు వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు. అణువు గుణాన్నీ పేర్పు గుణాన్నీ కలిపి పేర్పు ఖాతాలోనే జమకట్టడం తార్కికంగా నిలవదు.

రెండవది, ఏ పొరలు తాకిడి నుంచి కాపాడుతున్నాయో ఆ పొరలే వేడి వద్ద కొత్త సమస్యను తెచ్చిపెడుతున్నాయి. 1979లో కోల్బ్, రిజ్జోలు చూపినట్లు, టీఏటీబీ స్ఫటికం పొరల తలంలో స్వల్పంగానూ, పొరలకు అడ్డంగా చాలా ఎక్కువగానూ వ్యాకోచిస్తుంది. అదిమి తయారుచేసిన దిమ్మెను పదేపదే వేడిచేసి చల్లార్చితే అది మొదటి పరిమాణానికి తిరిగి రాక, ప్రతి చుట్టుకూ కొంత ఉబ్బుతుంది. దిమ్మెలో సూక్ష్మరంధ్రాలు పెరుగుతాయి. నిర్మాణం ఇచ్చిన గుణాన్ని ఒక ప్రేరణకు సంబంధించి మెచ్చుకొని, మరొక ప్రేరణ విషయంలో మరచిపోవడం సరియైన విమర్శ కాజాలదు.

మూడవది, ఉదాహరణల ఎంపికకు సంబంధించినది. తక్కువ సున్నితమైన పదార్థాలను ముందుగా ఎంచుకొని, వాటిలో పొరలున్నాయని చూపడం ఒక పద్ధతి. పొరలున్న స్ఫటికాలన్నిటినీ తీసుకొని, వాటిలో ఎన్ని తక్కువ సున్నితమైనవో లెక్కించడం మరొక పద్ధతి. సూత్రానికి బలమిచ్చేది రెండవ పద్ధతి. వ్యాసాల్లో తరచుగా కనిపించేది మొదటిది.

5. ఒకే నిర్మాణం, వేర్వేరు స్పందనలు:

నిర్మాణమే సర్వస్వమైతే, ఒకే నిర్మాణం గల రెండు నమూనాలు ఒకే విధంగా స్పందించాలి. ఆర్‌డీఎక్స్ ఈ నియమాన్ని పాటించలేదు. ఫ్రాన్సులో రూపొందిన ‘తగ్గించిన సున్నితత్వపు ఆర్‌డీఎక్స్’ సాధారణ ఆర్‌డీఎక్స్ నుంచి రసాయనికంగా గాని, అణువుల పేర్పులో గాని భిన్నమైనది కాదు. ఎక్స్‌కిరణ వివర్తన చిత్రం రెండింటికీ ఒక్కటే. స్ఫటికం లోపలి ఖాళీలు, చిక్కుకున్న ద్రావణి బుడగలు వంటి లోపాలు తక్కువగా ఉండటం, ఉపరితలం నునుపుగా ఉండటం దాని ప్రత్యేకతగా చెబుతారు. ప్లాస్టిక్ బంధకంతో పోతపోసిన మిశ్రమాల్లో షాక్ తరంగాన్ని అది గణనీయంగా ఎక్కువగా తట్టుకుంటుంది. గమనించదగిన మరొక విషయం, బరువును జారవిడిచే తాకిడి పరీక్షలో ఈ రెండు రకాల మధ్య స్పష్టమైన తేడా కనిపించదు. ఒక పరీక్షకు కనబడని తేడా మరొక పరీక్షకు కనబడుతున్నది.

ఈ వైరుధ్యానికి సమాధానం 1952 నాటి బోడెన్, యోఫేల గ్రంథంలోనే ఉన్నది. పేలుడు పదార్థం మొత్తం ఒకేసారి వేడెక్కి పేలదు. తాకిడి శక్తి ఏదో ఒక సూక్ష్మస్థానంలో గుమికూడి ఉష్ణబిందువుగా మారుతుంది. వారి అంచనా ప్రకారం ఆ బిందువు వ్యాసం మైక్రాన్‌లో పదోవంతు నుంచి పది మైక్రాన్ల వరకు ఉంటుంది. అణువు పరిమాణంతో పోలిస్తే ఇది వందల, వేల రెట్లు పెద్దది. ఎక్స్‌కిరణ వివర్తనం చూపే యూనిట్ సెల్ ఒక స్థాయిలో, ప్రమాదం మొదలయ్యే చోటు మరొక స్థాయిలో ఉన్నాయి. ఉష్ణబిందువుకు జన్మస్థానాలైన రంధ్రం, పగులు, రేణువుల మధ్య రాపిడి యూనిట్ సెల్ చిత్రంలో కనిపించవు.

అయితే నిర్మాణం ఇక్కడ పూర్తిగా నిష్క్రమించలేదు. 1984లో లాస్ అలమోస్‌లో డిక్ జరిపిన ప్రయోగాల్లో, ఒకే పీఈటీఎన్ ఏకస్ఫటికం షాక్ తరంగం ఏ దిశలో ప్రవేశించిందన్న దానిని బట్టి వేర్వేరుగా స్పందించింది. 110 దిశలో సులభంగా పేలిన స్ఫటికం, 100 దిశలో అదే తీవ్రతకు లొంగలేదు. అణువులు ఒకదాన్నొకటి తప్పించుకొని జారగలిగే దిశలో స్పందన తక్కువగా ఉన్నదని డిక్ వివరించాడు. లోపాలు తక్కువగా ఉన్న ఏకస్ఫటికంలో నిర్మాణం స్వరం స్పష్టంగా వినిపిస్తుంది. లోపాలు పెరిగి, రేణువులు అన్ని దిశల్లో చెదిరిన పొడిలో ఆ స్వరం గుంపులో కలిసిపోతుంది.

హెచ్‌ఎమ్‌ఎక్స్ ఈ రెండు స్థాయిల మధ్య వంతెన వంటిది. గది ఉష్ణోగ్రత వద్ద స్థిరంగా ఉండే బీటా రూపం సుమారు 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర డెల్టా రూపంగా మారుతుంది. డెల్టా రూపం ఎక్కువ సున్నితమైనదన్నది ప్రసిద్ధమైన మాట. అయితే ఆ మార్పులో స్ఫటికం ఘనపరిమాణం సుమారు 7 శాతం పెరుగుతుంది. అంత ఉబ్బును భరించలేక స్ఫటికం పగుళ్లు దేరుతుంది. పెరిగిన సున్నితత్వంలో కొత్త పేర్పు పాలెంత, కొత్త పగుళ్ల పాలెంత అని అడగకుండా అంతటినీ డెల్టా నిర్మాణానికి ఆపాదించడం, టీఏటీబీ విషయంలో జరిగిన తొందరపాటుకు మరో ముఖం. నిర్మాణ పరివర్తన తన వెంట లోపాలను తీసుకొని వస్తుందన్నది ఇక్కడ గ్రహించవలసిన సూత్రం. అమోనియం నైట్రేట్ చర్చలో ఈ సూత్రమే కీలకమవుతుంది.

6. గణన, కొలత – రెండు అద్దాలు:

హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని ఉన్నతశక్తి పదార్థాల కేంద్రం చేసిన పనిలో మౌలిక సూత్రాల ఆధారిత గణనలకు ముఖ్యస్థానం ఉన్నది. అప్పలకొండయ్య, వైతీశ్వరన్, లెబెగ్‌లు 2013లో ప్రకటించిన ఘన నైట్రోమీథేన్ అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అణుస్ఫటికాల్లో ప్రధానమైన వాండర్‌వాల్స్ ఆకర్షణను గణనలో చేర్చకపోతే స్ఫటికం పరిమాణమే తప్పుగా వస్తుంది. ఆ దిద్దుబాటును చేర్చి నిర్మాణం, కంపనాలు, ఎలక్ట్రాన్ శక్తి అంతరాలను లెక్కించడం పద్ధతిపరంగా గట్టి ముందడుగు.

అయితే ఇటువంటి గణనల ఫలితాలను ఉటంకించే తరువాతి రచనల్లో ఒక జారుడు గమనించవచ్చు. గణన చేసినది లోపమెరుగని, అనంతంగా పునరావృతమయ్యే ఆదర్శ స్ఫటికం మీద. ఘన నైట్రోమీథేన్ విషయంలో అది సుమారు మైనస్ 29 డిగ్రీలకు దిగువన మాత్రమే ఉండే స్ఫటికం. ఏ కర్మాగారంలోనూ ఎవరూ దానిని ఆ రూపంలో వాడరు. సరళమైన నమూనాగా దాని విలువ అపారమే. కాని ఎలక్ట్రాన్ శక్తి అంతరం తగ్గితే సున్నితత్వం పెరుగుతుందన్న సంబంధం దగ్గరి బంధుత్వం గల పదార్థాల్లో కొంతమేరకు కనిపిస్తుందే గాని అన్ని కుటుంబాలకూ వర్తించదు. స్ఫటిక లోపాల వద్ద ఆ అంతరం బాగా కుంచించుకుపోతుందని ఆర్‌డీఎక్స్ మీద కుక్ల్యా తదితరులు జరిపిన గణనలు సూచించాయి. గణన తన భాషలోనే లోపాల ప్రాధాన్యాన్ని ఒప్పుకుంటున్నదన్నమాట.

గణన ఒక అద్దమైతే ప్రయోగం మరొక అద్దం. ఆ అద్దమూ నిర్మలమైనది కాదు. బరువును వేర్వేరు ఎత్తుల నుంచి జారవిడిచి, సగం సార్లు పేలుడు సంభవించే ఎత్తును గుర్తించడం తాకిడి పరీక్షలో ప్రసిద్ధ పద్ధతి. 1948లో డిక్సన్, మూడ్‌లు దీనికి గణాంక పునాది వేశారు. రేణువుల పరిమాణం, గాలిలోని తేమ, అడుగున వేసిన గరుకు కాగితం, ‘పేలింది’ అని నిర్ణయించే ప్రమాణం, వీటిలో ఏది మారినా ఆ ఎత్తు మారుతుంది. వేర్వేరు ప్రయోగశాలల అంకెలను ఒకే పట్టికలో చేర్చి, వాటిని స్ఫటిక నిర్మాణపు ఒకే ఒక రాశితో గీతగా కలపడం నేటి వ్యాసాల్లో సాధారణం. అట్లా వచ్చిన గీత అందంగా ఉండవచ్చు. దాని మీద చుక్కల చెదరింపు ఎంత అన్న ప్రశ్నే భద్రతకు ముఖ్యం. ప్రమాదం సగటు దగ్గర కాక అంచు దగ్గర జరుగుతుంది. సగం సార్లు పేలే ఎత్తు కన్నా, వెయ్యి సార్లలో ఒకసారి పేలే ఎత్తు పనివాడికి ఎక్కువ అవసరం.

7. ముప్ఫై రెండు డిగ్రీలు:

ఇంతవరకు ప్రస్తావించిన పదార్థాలన్నీ ప్రధానంగా రక్షణరంగానికి చెందినవి. రాయదుర్గం రాతిలోకి దిగే పదార్థం అమోనియం నైట్రేట్. ఇది ఎరువుగానూ వాడబడిన లవణం. స్ఫటికశాస్త్ర దృష్టిలో దీనికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, సాధారణ వాతావరణ పీడనం వద్దనే ఐదు స్ఫటికరూపాలు ధరిస్తుంది. నాలుగవ రూపం నుంచి మూడవ రూపానికి మారే ఉష్ణోగ్రత సుమారు 32 డిగ్రీల సెల్సియస్. 84 డిగ్రీల వద్ద రెండవ రూపం, 125 డిగ్రీల వద్ద మొదటి రూపం వస్తాయి. సుమారు 170 డిగ్రీల వద్ద కరుగుతుంది.

చలిదేశాల గ్రంథాల్లో 32 డిగ్రీల మార్పు వేసవిలో ఎప్పుడో ఎదురయ్యే సమస్య. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 38, 40 డిగ్రీలకు చేరుతుంది. తెల్లవారేసరికి 26 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. రేకుల గోదాములో గోడకు ఆనిన సంచి ప్రతి పగలూ ఒక రూపంలోకి, ప్రతి రాత్రీ మరొక రూపంలోకి మారే పరిస్థితి ఏర్పడుతుంది. ప్రతి మార్పులో ఘనపరిమాణం సుమారు 3.6 శాతం ఉబ్బి, తిరిగి తగ్గుతుంది. ఈ రాకపోకలకు గుళికలు పగిలి పొడిగా మారతాయి. వాటిలో సూక్ష్మరంధ్రాలు పెరుగుతాయి. పొడిబారి, రంధ్రాలు పెరిగిన అమోనియం నైట్రేట్, దట్టమైన గుళికల కన్నా తేలికగా పేలుడుకు లోనవుతుంది.

ఈ చిత్రంలో తేమ పాత్ర కూడా ఉన్నది. నాలుగవ రూపం మూడవ రూపంగా మారడానికి కొద్దిపాటి తేమ సహాయం కావాలి. ఎండి ఉన్న లవణంలో ఈ మార్పు 32 డిగ్రీల వద్ద జరగకుండా, సుమారు 50 డిగ్రీల వరకు వెనుకబడి, నేరుగా రెండవ రూపానికి చేరవచ్చు. 30 డిగ్రీల వద్ద గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఈ లవణం తేమను పీల్చుకుంటుంది. అందువల్ల వర్షాకాలంలో తేమ పీల్చిన సరుకు తరువాతి వేసవిలో ఎట్లా ప్రవర్తిస్తుందన్నది ఆ సరుకు చరిత్రను బట్టి ఉంటుంది. తయారీలో మెగ్నీషియం నైట్రేట్ వంటి స్థిరీకారకాలను కలపడం ఈ తేమను బంధించడానికే. నిర్మాణం ఇక్కడ ఒక్క క్షణపు ఛాయాచిత్రం కాదు, రుతువులతో పాటు సాగే కథ.

ఈ కథకు చారిత్రక సాక్ష్యం జర్మనీలోని ఓపావు. అక్కడ అమోనియం సల్ఫేట్, అమోనియం నైట్రేట్‌ల మిశ్రమ ఎరువు నిల్వలో గడ్డకట్టేది. చిన్న చిన్న పేలుళ్లతో ఆ గుట్టను వదులుచేసేవారు. వేల సార్లు ఏ ప్రమాదమూ లేకుండా ఆ పని సాగింది. 1921 సెప్టెంబరు 21న అదే పని చేస్తుండగా గుట్ట పేలి 500 మందికి పైగా మరణించారు. అంతకు కొద్దికాలం ముందే తయారీ పద్ధతి మారి, సరుకులో తేమ తగ్గిందనీ, సాంద్రత తగ్గిందనీ తరువాతి విశ్లేషణలు గుర్తించాయి. పేరు మారలేదు, ఉద్దేశించిన పాళ్లూ మారలేదు. రేణువు స్వభావం మారింది. వేల సార్ల అనుభవం పాత రేణువుకు సంబంధించినది. కొత్త రేణువుకు అది సాక్ష్యం కాలేకపోయింది.

2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో సంవత్సరాలుగా నిల్వ ఉన్న సుమారు 2,750 టన్నుల అమోనియం నైట్రేట్ మంటల్లో చిక్కి పేలింది. ఆ వెంటనే, చెన్నై శివారు మణలిలో 2015 నుంచి నిల్వ ఉన్న సుమారు 697 టన్నుల సరుకు ప్రజల దృష్టికి వచ్చి, కంటైనర్లలో హైదరాబాదు వైపు తరలింది. వార్తలన్నీ టన్నుల లెక్కనే చెప్పాయి. అయిదేళ్ల సముద్రతీరపు తేమను, అయిదు వేసవులను చూసిన ఆ గుళికలు ఏ స్థితిలో ఉన్నాయన్నది స్ఫటికశాస్త్రం అడగవలసిన ప్రశ్న. భారతదేశంలో 45 శాతానికి మించి అమోనియం నైట్రేట్ గల మిశ్రమాలను 2011లో పేలుడు పదార్థాల పరిధిలోకి తెచ్చారు. 2012లో ప్రత్యేక నియమావళి వచ్చింది. పాళ్లను, పరిమాణాన్ని, దూరాన్ని చట్టం కొలవగలదు. సరుకు గడిపిన వేసవులను కొలవడానికి పరిశోధకుల తోడ్పాటు అవసరం.

8. రాతి గుంటలో తలకిందులయ్యే సూత్రం:

‘తక్కువ సున్నితత్వం అంటే ఎక్కువ భద్రత’ అన్నది స్ఫటిక పరిశోధనలో చెప్పనవసరం లేని స్వయంసిద్ధ సూత్రంగా చలామణి అవుతున్నది. గోదాములో, లారీలో ఇది నిజం. రాతి గుంటలో ఇది నిలవదు.

నేటి బ్లాస్టింగులో విస్తృతంగా వాడే ఎమల్షన్ మందులో అమోనియం నైట్రేట్ స్ఫటికంగా ఉండదు. గాఢ ద్రావణపు సూక్ష్మబిందువులు నూనె పొరలో చుట్టబడి ఉంటాయి. ఈ మందు మంచి స్థితిలో ఉన్నదనడానికి గుర్తు అందులో స్ఫటికాలు లేకపోవడమే. పాతబడినా, ఒత్తిడికి లోనైనా బిందువుల్లో స్ఫటికాలు పుట్టి ఎమల్షన్ విరుగుతుంది. అప్పుడు దాని సున్నితత్వం తగ్గుతుంది. డిటోనేటరు పేలినా మందు పూర్తిగా పేలకపోవచ్చు. పనిచోట ‘మిస్‌ఫైర్’ అనేది దీనినే. మిగిలిపోయిన మందు రాతిలో దాగి ఉంటుంది. మరునాడు ఆ చోటనే రంధ్రం వేసే డ్రిల్లు దానిని తాకవచ్చు. రాళ్లెత్తే యంత్రం దానిని నలపవచ్చు. సున్నితత్వం తగ్గడమే ఇక్కడ ప్రమాదానికి మూలం.

ఈ ఉదాహరణ సిద్ధాంతానికి విలువైన పాఠం చెబుతున్నది. పనివాడికి కావలసినది కేవలం పేలని పదార్థం కాదు. పేలవలసినప్పుడు తప్పక పేలేది, పేలకూడనప్పుడు తప్పక పేలనిది ఆయనకు కావాలి. అంటే కనిష్ఠ సున్నితత్వం కన్నా, కాలం గడిచినా మారని, ముందుగా చెప్పగలిగిన సున్నితత్వం భద్రతకు దగ్గర. స్ఫటిక ఇంజనీరింగ్ తన లక్ష్యాన్ని ఈ దృష్టితో పునర్నిర్వచించుకుంటే, టీఏటీబీ వంటి అరుదైన పదార్థాలతో పాటు అమోనియం నైట్రేట్ వంటి నిత్యవ్యవహార లవణం కూడా దాని ప్రథమ శ్రేణి సమస్య అవుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. అణువుల పేర్పు పేలుడు పదార్థాల స్పందనను మార్చగలదన్నది సహస్ఫటికాలు, పీఈటీఎన్ దిశాభేదం వంటి ఆధారాలతో నిరూపితమైన విషయం. ఇందులో సందేహానికి తావులేదు.

2. పేర్పు నుంచి భద్రతకు చేరే దారిలో లోపాలు, రేణువు పరిమాణం, ఆకృతి, నిల్వ చరిత్ర అనే మెట్లున్నాయి. ఆర్‌డీఎక్స్ ఉదాహరణ ప్రకారం, ఒకే నిర్మాణం మీద ఈ మెట్లు మారితే స్పందనా మారుతుంది.

3. పొరల వాదం ఒక ప్రేరణకు చెల్లినంతగా మరొక ప్రేరణకు చెల్లదు. ప్రేరణ పేరు చెప్పని భద్రతా నిర్ధారణను పరిశోధనా వ్యాసాలు అంగీకరించకూడదు.

4. స్ఫటికరూపం మారేటప్పుడు పుట్టే పగుళ్లను, కొత్త రూపపు గుణాన్ని విడివిడిగా కొలవాలి. హెచ్‌ఎమ్‌ఎక్స్, అమోనియం నైట్రేట్‌లు రెండింటి విషయంలోనూ ఇది అవసరం.

5. అమోనియం నైట్రేట్ 32 డిగ్రీల పరివర్తన తెలుగు ప్రాంతాల దైనందిన వాతావరణ పరిధిలోకి వస్తుంది. స్థానిక ఉష్ణోగ్రత, ఆర్ద్రతల చుట్లలో సరుకు స్థితిని అధ్యయనం చేయడానికి హైదరాబాదులోని స్ఫటికశాస్త్ర నైపుణ్యం సహజమైన ఆధారం.

6. తెలుగులో నిర్మాణం, ఆకృతి, స్థిరత్వం, సున్నితత్వం, భద్రత అనే ఐదు పదాలను వేర్వేరు అర్థాల్లో నిలకడగా వాడటం శాస్త్రరచనకు కనీస అవసరం.

స్ఫటికశాస్త్రం పదార్థం పుట్టుకను చెప్పగలదు. అది పెరిగిన తీరును, పడిన ఎండను, పీల్చిన తేమను కూడా చెప్పేదాకా దాని భద్రతా వాక్యం అసంపూర్ణమే. ఆ వాక్యాన్ని పూర్తిచేయడానికి కావలసిన పరికరాలు, పండితులు ఒకవైపు, కావలసిన సమస్య మరొకవైపు, రెండూ రాయదుర్గం చుట్టూనే ఉన్నాయి. ఆదర్శ స్ఫటికం మీద సాధించిన ఫలితాన్ని రాతిలో డ్రిల్లు దింపే మనిషి నమ్మదగిన ఫలితంగా మార్చడమే ఈ రంగంలో మిగిలి ఉన్న పని.